ఫ్లూ పైపు తళతళ మెరుస్తోంది, కానీ ఫిట్టింగ్ సరిగ్గా ఉందో లేదో తేల్చేదెలా?

కొత్తచేయి రాశారు:

అందరికీ నమస్కారం. ఇల్లు కొనేవాళ్ల కోసం ఇళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్షన్ పనిలోకి వచ్చి పది నెలలైంది. కరెంటు, పైకప్పు, నీళ్ల పైపులు కాస్త చేతికొచ్చాయి గానీ, ఫ్లూ పైపు, అంటే కాలిన పొగని బయటికి పంపే గొట్టం, దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ టెన్షనే.

నిన్న ఒక ఇల్లు చూశాను. సెల్లార్‌లో ట్యాంకు రకం గ్యాస్ వాటర్ హీటర్ ఉంది. దాని మీంచి 3 అంగుళాల రేకు పైపు బయల్దేరి, ఒక ఎల్బో తిరిగి, సుమారు 8 అడుగులు అడ్డంగా పోయి ఇటుక చిమ్నీలో కలుస్తోంది. పైపు కొత్తది. ప్రతి జాయింటుకీ వెండి రంగు టేపు ఒక్క ముడత లేకుండా చుట్టారు. చూడగానే పనివాడు శ్రద్ధ ఉన్నవాడే అనిపించింది. రిపోర్టులో 'బాగుంది' అని టిక్ పెట్టబోయాను.

ఎందుకో హీటర్ నెత్తిమీద టార్చ్ వేశాను. చన్నీళ్ల పైపు మొదట్లో ఉండే నీలం ప్లాస్టిక్ రింగు ఒక పక్క కరిగి, కొవ్వొత్తి కారినట్టు జారి గట్టిపడి ఉంది. దాని పక్కనే అరచేయంత మేర తుప్పు. టిక్ పెట్టకుండా వచ్చేశాను, రాత్రంతా అదే ఆలోచన. ఇది పైపు బిగించిన తీరులో లోపమా, లేక పాత హీటర్‌కి మామూలేనా? రిపోర్టులో ఏమని రాయాలి?

ఇంకో సంగతి. ఆ ఇంట్లో రెండేళ్ల కిందట పాత ఫర్నేస్ (ఇంటిని వెచ్చగా ఉంచే యంత్రం) తీసేసి కొత్తది పెట్టించారట. అది ప్లాస్టిక్ పైపుతో నేరుగా గోడలోంచి బయటికి పోతోంది.

పాతకాపు రాశారు:

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. ఈ పోస్టు చదివిన వెంటనే నీ క్లయింటుకి ఫోన్ చేసి, ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా విషయం చేరేలా చూడు. రిపోర్టు వెళ్లేదాకా ఆగొద్దు. ఆ ఇంట్లో మనుషులు పడుకుంటున్నారు కదా.

ఇక నువ్వు చూసినదాని గురించి. హీటర్ మీద డ్రాఫ్ట్ హుడ్ ఉంటుంది చూడు, కాళ్ల మీద నిలబెట్టిన గొడుగులాంటి రేకు ముక్క. కాలిన వాయువు పైకి పోవాల్సిందిపోయి ఆ హుడ్ అంచుల కిందినుంచి గదిలోకి పొర్లితే, ఆ వేడి మొదట తగిలేది పక్కనున్న ఆ ప్లాస్టిక్ రింగులకే. తుప్పు కూడా ఆ వాయువులోని తేమ పనే. అంటే పొగ వెనక్కి తన్నుతోంది. ఒకసారి కాదు, చాలాసార్లు తన్ని ఉంటుంది.

కానీ తొందరపడి తేల్చేయకు. ప్లంబరు ఆ నీళ్ల పైపుని అక్కడే టంకం పెట్టి అతికించి ఉంటే ఆ మంటకి కూడా రింగు కరుగుతుంది. రింగు చుట్టూతా కరిగిందా, హుడ్ వైపు మాత్రమే కరిగిందా? హుడ్ వైపే అయితే నాకు పెద్దగా అనుమానం ఉండదు.

మూడు విషయాలు చెప్పు. అడ్డంగా పోయే ఆ 8 అడుగులకీ వాటం ఉందా? చిమ్నీ లోపలి కొలత ఎంత? ఆ చిమ్నీలోకి ఇంకేదైనా పైపు కలుస్తోందా, ఈ హీటర్ ఒక్కటేనా?

కొత్తచేయి రాశారు:

ఫోన్ చేశానండీ. ఇంటివాళ్లు హీటర్ ఆపేశారు. రేపు మళ్లీ వచ్చి చూడమన్నారు.

రింగు హుడ్ వైపే కరిగింది, ఇప్పుడు ఫోటో పెద్దది చేసి చూస్తే స్పష్టంగా తెలుస్తోంది. వాటం మాత్రం నేను కొలవలేదు. కంటికి మట్టంగానే కనిపించింది. చిమ్నీలోకి ఈ హీటర్ ఒక్కటే కలుస్తోంది. పాత ఫర్నేస్ పైపు ఉన్న చోట రేకు మూత బిగించారు.

గ్యాస్‌ఫిట్టర్ రాశారు:

నేను పైపులు బిగించేవాణ్ణి, కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

టేపు చూసి మోసపోవద్దు. టేపు వేయడం తప్పని అనను. కానీ రేకు జాయింటుని పట్టి ఉంచేది టేపు కాదు, స్క్రూలు. ఒక్కో జాయింటుకి మూడు స్క్రూలు, చుట్టూ సమాన దూరంలో. వేడికీ చల్లదనానికీ పైపు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. కొన్నేళ్లకి టేపు జిగురు ఎండిపోతుంది, ఎవరో చీపురు తగిలిస్తారు, జాయింటు ఊడుతుంది. టేపు మీద వేలు పెట్టి మెల్లగా నొక్కుతూ చుట్టూ తడమండి. స్క్రూ తల ఉంటే చేతికి తగులుతుంది. టేపు విప్పక్కర్లేదు, విప్పే హక్కు కూడా మనకి లేదు.

వాటం సంగతి: ఫ్యాన్ లేకుండా సహజంగా పొగని పైకి లాగే గ్యాస్ పైపుకి, అడ్డంగా పోయే ప్రతి అడుగుకీ కనీసం పావు అంగుళం పైకి లేవాలి. 8 అడుగులకి 2 అంగుళాలు. చిన్న మట్టపు బద్ద పెడితే చాలు. మట్టంగా ఉన్నా కష్టమే, నడుమ జారి కిందికి వంగి ఉంటే ఇంకా కష్టం. ఆ జారిన చోట నీళ్లు నిలిచి, పైపు కిందినుంచి తుప్పు పడుతుంది. అందుకే టార్చ్ పైనుంచి కాదు, కిందినుంచి వేసి చూడండి. పైపు పొట్టభాగమే అసలు సంగతి చెప్తుంది.

హుడ్ మీద కూడా నేరుగా ఓ అడుగు నిలువుగా పోయాకే ఎల్బో తిప్పడం మంచి పని. మొదటే వంచేస్తే లాగుడు పుట్టకముందే గొంతు నొక్కినట్టు అవుతుంది.

రేకు ముడతలు పెట్టిన సన్న చివర, అంటే ఒక పైపులోంచి ఇంకో పైపులోకి దూరే చివర, హీటర్ నుంచి దూరంగా, పొగ పోయే దిక్కుకే ఉండాలి. అది తిరగబడి ఉంటే బిగించినవాడికి పని రాదనే అర్థం.

మసిపని రాశారు:

గ్యాస్‌ఫిట్టర్ గారూ, ఆ చివరి మాట దగ్గర ఆగుతాను. నేను కట్టెల స్టవ్‌ల చిమ్నీలు శుభ్రం చేస్తాను. మా దగ్గర సరిగ్గా దీనికి తలకిందులు. సన్న చివర కిందికి, స్టవ్ వైపే ఉండాలి. కట్టె పొగ చల్లబడితే నల్లటి తారులాంటి క్రియోసోట్ పైపు లోపలి గోడల మీద చేరుతుంది, ఒక్కోసారి కారుతుంది కూడా. సన్న చివర కిందికి ఉంటే కారినది మళ్లీ స్టవ్‌లోకే పోతుంది. పైకి ఉంటే జాయింటులోంచి బయటికి వచ్చి పైపు మీద చారలు కడుతుంది. ఆ చారలకి నిప్పంటుకుంటే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి 'తిరగబడి ఉంటే తప్పు' అని కొత్తవాళ్లు కంఠతా పడితే కట్టెల స్టవ్ దగ్గర సరైన పనిని తప్పు అని రాసేస్తారు.

గ్యాస్‌ఫిట్టర్ రాశారు:

నిజమే, నేను గ్యాస్ వరకే ఆలోచించి రాశాను. కట్టెలకి మీరు చెప్పిందే సరి. దిద్దినందుకు థాంక్స్.

పాతకాపు రాశారు:

అందుకే పైపుని చూసేముందు అది దేనికి బిగించిన పైపో చూడాలి. ఏ ఇంధనం, సహజంగా లాగే రకమా, ఫ్యాన్‌తో నెట్టే రకమా. ఇది తెలియకుండా జాయింట్లు చూసి లాభం లేదు.

సహజంగా లాగే పైపులో లోపలి ఒత్తిడి గదిలో ఒత్తిడి కన్నా కాస్త తక్కువ. జాయింటులో సందు ఉంటే గది గాలి లోపలికి పోతుంది. లాగుడు బలహీనపడుతుంది, పైపు చల్లబడుతుంది. అదే ఫ్యాన్‌తో నెట్టే కండెన్సింగ్ ఫర్నేస్ (పొగలోని ఆవిరిని లోపలే నీరుగా మార్చే రకం) పైపులో ఒత్తిడి ఎక్కువ. అక్కడ సూది మొన అంత సందు ఉన్నా వాయువు ఇంట్లోకే వస్తుంది. ఒకే సందు, రెండు చోట్ల రెండు రకాల ప్రమాదం. ఆ ప్లాస్టిక్ పైపుని కూడా వదిలేయకు తమ్ముడూ. దానికి వాటం మళ్లీ వేరు: అడుగుకి పావు అంగుళం, కానీ ఫర్నేస్ వైపు దిగేలా ఉండాలి, లోపల చేరే ఆమ్లపు నీళ్లు వెనక్కి వచ్చి డ్రెయిన్‌లోకి పోవాలి కాబట్టి. జాయింట్ల దగ్గర జిగురు చుట్టూ కనిపిస్తోందా, పైపుకి ఆసరాగా క్లాంపులు ఉన్నాయా, నడుమ జారిందా చూడు. ఏ రకం ప్లాస్టిక్ వాడొచ్చో ఫర్నేస్ మాన్యువల్లో రాసి ఉంటుంది, పైపు మీద అచ్చువేసిన అక్షరాలతో పోల్చు.

ఇప్పుడు నీ హీటర్. దీన్ని మేము అనాథ హీటర్ అంటాం. ఇంతకుముందు పెద్ద ఫర్నేస్, చిన్న హీటర్ కలిసి ఆ చిమ్నీని వేడిగా ఉంచేవి. ఫర్నేస్ వెళ్లిపోయింది. ఇప్పుడు అంత పెద్ద ఇటుక గొట్టాన్ని ఈ చిన్న మంట ఒక్కటే వేడెక్కించాలి. ఎక్కించలేదు. వేడి లేకపోతే లాగుడు లేదు. పొగలోని ఆవిరి చిమ్నీ గోడల మీదే నీరవుతుంది. ఆ నీరు తక్కువేం కాదు: 16 గ్రాముల మీథేన్ కాలితే 36 గ్రాముల నీరు పుడుతుంది. అంటే కిలో గ్యాస్‌కి రెండు కిలోల పైమాటే. అదంతా ఆవిరిగా బయటికి పోవాలి, పోకపోతే ఇటుకల మధ్య సున్నం, సిమెంటు తినేస్తుంది. చిమ్నీ బయటి గోడ మీద తెల్లటి ఉప్పు పొర, రాలుతున్న ఇటుక పొడి కనిపిస్తే దాని అర్థం అదే.

చిమ్నీ అడుగున మసి తీసే చిన్న తలుపు ఉంటుంది. వీలైతే అక్కడ లోపలి కొలత తీసుకో. అమెరికాలో గ్యాస్ పైపులకి వాడే ఎన్‌ఎఫ్‌పీఏ 54 కోడ్‌లో ఒక లెక్క ఉంది: డ్రాఫ్ట్ హుడ్ ఉన్న ఒక్క హీటరే కలిస్తే, చిమ్నీ లోపలి వైశాల్యం హుడ్ నోటి వైశాల్యానికి ఏడింతలు మించకూడదు. నీది 3 అంగుళాల పైపు, అంటే సుమారు 7 చదరపు అంగుళాలు. ఏడింతలు వేసినా 50 దాటదు. మీ దగ్గర ఏ కోడ్ ఉన్నా, లాగుడు లాగుడే. ఆ సూత్రం ఎక్కడికి పోయినా మారదు.

రిపోర్టులు రాసేవాడు రాశారు:

పాతకాపు గారి అనుభవం మీద గౌరవం ఉంది గానీ, కొత్తవాళ్లు చిమ్నీ వైశాల్యం లెక్కలు కట్టి రిపోర్టులో రాయడం నాకు నచ్చదు. మనం కోడ్ అధికారులం కాదు. అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ ప్రమాణాల ప్రకారం కూడా ఫ్లూ లోపలి భాగం చూడాల్సిన బాధ్యత ఇన్‌స్పెక్టర్‌కి లేదు. కంటికి కనిపించింది రాయాలి, అర్హత ఉన్నవాడిని పిలవమనాలి, అంతే. లెక్క కట్టి 'సైజు తప్పు' అని రాశాక, రేపు అది సరైనదేనని ఎవరైనా చూపిస్తే మాట పోతుంది.

పాతకాపు రాశారు:

లెక్క రిపోర్టు కోసం కాదండీ, చూసేవాడి కళ్లు తెరుచుకోవడానికి. ఏడింతల లెక్క తెలిసినవాడు మసి తలుపు తీసి చూస్తాడు. తెలియనివాడు మెరిసే పైపు చూసి టిక్ పెడతాడు. రిపోర్టులో మాత్రం మీరు చెప్పినట్టు చూసిందే రాయాలి, ఆ విషయంలో మనకి పేచీ లేదు.

అయితే 'నిపుణుణ్ణి సంప్రదించండి' అని ఒక్క ముక్క రాసి వదిలేయడం నాకు నచ్చదు. దేనికి సంప్రదించాలో, ఎంత తొందరగా సంప్రదించాలో చెప్పకపోతే చదివేవాడు దాన్ని పక్కన పడేస్తాడు.

సొంతిల్లు రాశారు:

నేను ఇన్‌స్పెక్టర్‌ని కాదు, ఇల్లు కొనుక్కున్నవాణ్ణి. ఈ చర్చ చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది.

మా రిపోర్టులో ఫ్లూ గురించి ఒకే ఒక్క లైను: 'ఫ్లూ పైపు: సంతృప్తికరం.' చేరిన మొదటి చలికాలం మా ఆవిడకి రోజూ పొద్దున్నే తలనొప్పి. బయటికి వెళ్తే తగ్గేది, ఇంటికొస్తే మళ్లీ వచ్చేది. నిద్ర చాలక అనుకున్నాం. చిన్నదానికి వాంతులు మొదలయ్యాక డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న 'ఇంట్లో గ్యాస్ హీటర్ ఉందా' అని. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పట్టే అలారం ఉంది, అది ఒక్కసారీ మోగలేదు. టెక్నీషియన్ వచ్చి చూస్తే హీటర్ పైపు చిమ్నీ దగ్గర ఊడి, వేలు పట్టేంత సందు ఉంది. పైన టేపు మాత్రం చక్కగా అతికే ఉంది.

అందరం బాగానే ఉన్నాం. కానీ ఆ 'సంతృప్తికరం' అనే మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. దయచేసి మీరంతా ఆ పైపుని చివరిదాకా చూడండి.

గ్యాస్‌ఫిట్టర్ రాశారు:

మీ ఇంటిల్లిపాదీ క్షేమంగా ఉన్నందుకు సంతోషం సార్. అలారం ఎందుకు మోగలేదో చెప్తాను, ఇది అందరూ తెలుసుకోవాలి. అమెరికాలో ఇళ్ల అలారాలకి ఉన్న యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం 70 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి 70 భాగాలు) కార్బన్ మోనాక్సైడ్ ఉంటే అలారం గంట నుంచి నాలుగు గంటల లోపు మోగాలి. 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో. 70 కన్నా తక్కువ మోతాదు రోజుల తరబడి ఉన్నా అది మౌనంగానే ఉండొచ్చు. కాబట్టి 'అలారం మోగలేదు, అంటే ఫ్లూ బాగుంది' అనుకోవడానికి లేదు. నేనైతే పనికి వెళ్లినప్పుడు తక్కువ మోతాదు కూడా చూపించే చిన్న మీటరు జేబుకి తగిలించుకుంటాను.

కొత్తచేయి, రేపు వెళ్లినప్పుడు పొర్లుడు పరీక్ష చెయ్యండి. అర్హత ఉన్న టెక్నీషియన్ని కూడా పిలిపించి, ఆయన ఎదుటే హీటర్ వెలిగించండి. ఇంటి కిటికీలు, బయటి తలుపులు మూసేయండి. బాత్రూం ఫ్యాన్, వంటింటి ఫ్యాన్, బట్టల డ్రయ్యర్ అన్నీ ఆన్ చేయండి. ఇంట్లో చలి కాచుకునే పొయ్యి (ఫైర్‌ప్లేస్) ఉంటే దాని డ్యాంపర్, అంటే పొగదారి మూత, మూయండి. హీటర్ వెలిగించి 5 నిమిషాలు ఆగండి. మొదటి నిమిషంలో కాస్త పొర్లడం మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు. 5 నిమిషాల తర్వాత హుడ్ అంచు దగ్గర అద్దం పట్టండి. అద్దం మసకబారితే పొగ గదిలోకే వస్తోందన్నమాట. వెంటనే ఆపేసి కిటికీలు తెరవండి.

అటకమీద రాశారు:

అందరూ కింది పైపు దగ్గరే ఆగిపోతున్నారు, అందుకని పైభాగం గురించి రెండు ముక్కలు.

ఒంటి రేకు పైపు అటకలోకి, గోడ లోపలికి, కంటికి కనిపించని ఏ చోటుకీ పోకూడదు. అక్కడ జంట గోడల బీ-వెంట్ పైపే ఉండాలి. బీ-వెంట్‌కి చెక్క నుంచి కనీసం 1 అంగుళం ఎడం. డ్రాఫ్ట్ హుడ్ ఉన్న హీటర్‌కి వాడే ఒంటి రేకు పైపుకి 6 అంగుళాలు. కట్టెల స్టవ్‌కి వాడే ఒంటి రేకు పైపుకైతే 18 అంగుళాలు. అటకలో ఎక్కువగా కనిపించే తప్పు, ఇన్సులేషన్ దూది పైపుని ఆనుకుని ఉండటం. చుట్టూ రేకు కవచం ఉందా అని చేయి పెట్టి చూస్తాను. లేకపోతే దూది జరపకముందు ఒక ఫోటో, పక్కకి జరిపాక ఒక ఫోటో.

బీ-వెంట్ మీద స్క్రూలు కనిపిస్తే వాటి పొడవు అనుమానించాలి. అవి లోపలి గోడని పొడిచేయకూడదు. పైపు మీద బాణం గుర్తు ఉంటుంది, అది పైకి చూపాలి. రెండు కంపెనీల ముక్కలు కలిపి బిగించారా అని కూడా చూడండి, వాటి తాళాలు ఒకదానితో ఒకటి సరిగ్గా కూర్చోవు. ఒకసారి బట్టల డ్రయ్యర్‌కి వాడే ముడతల అల్యూమినియం గొట్టాన్ని ఫ్లూగా పెట్టిన ఇల్లు చూశాను. ఫోటో తీసేటప్పుడు చెయ్యి వణికింది.

మసిపని రాశారు:

కట్టెల చిమ్నీకి పైన ఎత్తు కూడా చూడండి. కప్పులోంచి బయటికి వచ్చిన చోటినుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు పైకి ఉండాలి. నేల మీద నిలబడి బైనాక్యులర్స్‌తో చూసినా తెలిసిపోతుంది.

ఇంకొకటి. అమెరికాలో చిమ్నీలకి ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణంలో తనిఖీకి మూడు స్థాయిలున్నాయి. ఇల్లు చేతులు మారినప్పుడు రెండో స్థాయి చేయాలని అందులో ఉంది, అంటే లోపలికి కెమెరా దింపి చూడటం. ఇన్‌స్పెక్టర్ చేయలేనిది ఇదే, రిపోర్టులో అడగాల్సినదీ ఇదే.

కొత్తచేయి రాశారు:

ఇందాకే వచ్చాను. కాళ్లు ఇంకా సెల్లార్‌లోనే ఉన్నట్టుంది.

వాటం: 8 అడుగులకి అర అంగుళం లేచింది, అంతే. చిమ్నీ లోపల 10 అంగుళాలు, ఇటూ అటూ. అంటే 100 చదరపు అంగుళాలు, పాతకాపు గారు చెప్పిన లెక్కకి రెండింతలు. టేపు మీద వేలు పెట్టి తడిమాను, ఆరు జాయింట్లలో రెండింటికి మాత్రమే స్క్రూలు తగిలాయి. టెక్నీషియన్ గారు హీటర్ వెలిగించారు. 5 నిమిషాలకి అద్దం హుడ్ దగ్గర పెడితే పాల మీగడ కట్టినట్టు తెల్లబడింది. ఫ్యాన్లు ఆపితే కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. వెంటనే ఆపేసి కిటికీలు తెరిచాం.

ఆయన చిమ్నీలోకి పోయే పైపుని విప్పారు. పైపు చివర చిమ్నీ లోపలి గోడతో సమంగా ఆగాల్సింది, ఎదుటి గోడకి రెండు అంగుళాల దూరం దాకా దూసుకుపోయి ఉంది. దారి సగం మూసేసినట్టే. ఇది బయటినుంచి ఎవరికీ కనిపించేది కాదు.

రిపోర్టులో ఇలా రాశాను, చూసి చెప్పండి:

'వాటర్ హీటర్ డ్రాఫ్ట్ హుడ్ వైపు ప్లాస్టిక్ రింగు కరిగి ఉంది, పక్కన రేకు తుప్పు పట్టింది. 5 నిమిషాలు వెలిగించాక హుడ్ దగ్గర పట్టిన అద్దం మసకబారింది. కాలిన వాయువు గదిలోకి వస్తోంది. అడ్డంగా పోయే పైపుకి 8 అడుగులకి అర అంగుళమే వాటం ఉంది. నాలుగు జాయింట్లలో స్క్రూలు చేతికి తగల్లేదు. పాత ఫర్నేస్ తీసేశాక చిమ్నీలోకి ఈ హీటర్ ఒక్కటే కలుస్తోంది. సరిచేసేదాకా హీటర్ వాడకూడదు. అర్హత ఉన్న గ్యాస్ టెక్నీషియన్ చేత ఈ పైపుని, చిమ్నీ లోపలి సైజుని పరిశీలింపజేయాలి. చిమ్నీకి రెండో స్థాయి తనిఖీ చేయించాలి.'

రిపోర్టులు రాసేవాడు రాశారు:

ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. 'సైజు తప్పు' అని తీర్పు చెప్పకుండానే సైజు చూడాల్సిన అవసరం చెప్పారు. 'హీటర్ వాడకూడదు' అన్న వాక్యాన్ని మాత్రం రిపోర్టు మొదటి పేజీలోకి తెచ్చి పెట్టండి. పదిహేడో పేజీలో ఉంటే ఎవరూ చదవరు.

సొంతిల్లు రాశారు:

మా ఇంటికి ఇలాంటి రిపోర్టు వచ్చి ఉంటే ఎంత బాగుండేదో. మీకు నా నమస్కారం.

కొత్తచేయి రాశారు:

వారం తర్వాత రాస్తున్నాను. చిమ్నీ లోపల మెటల్ లైనర్ (లోపలి గొట్టం) దింపారు, హీటర్‌కి సరిపడే సైజులో. అడ్డం పైపు మొత్తం తీసేసి కొత్తగా వేశారు. ఇప్పుడు 8 అడుగులకి రెండున్నర అంగుళాల వాటం, ప్రతి జాయింటుకీ మూడేసి స్క్రూలు. టేపు వేయలేదు. తలుపులన్నీ మూసి, ఫ్యాన్లన్నీ వేసి, 5 నిమిషాలాగి అద్దం పట్టాం. అద్దంలో నా మొహం స్పష్టంగా కనిపించింది.

కరిగిన ఆ నీలం రింగుని ఇంటాయన తీసి పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా టార్చ్ పక్కనే సంచిలో ఉంటోంది.